బంగారు మ్యూటూ కోసం బాట్ పెట్టాలా?

ప్రశ్న: అక్కా, నమస్తే. నాకు 25 ఏళ్ళు. మాది పిఠాపురం దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో ఉద్యోగం, కొండాపూర్‌లో హాస్టల్లో ఉంటున్నాను. ఏడాదిగా ఫోన్‌లో పోకెమాన్ టీసీజీ పాకెట్ అనే కార్డుల ఆట ఆడుతున్నాను. ఒక్కో ప్యాకులో ఏ కార్డులున్నాయో తెరిచేదాకా తెలియదు. మొదట్లో రోజూ ఫ్రీగా వచ్చే రెండు ప్యాకులే తెరిచేవాణ్ణి. తర్వాత ఇంకా ప్యాకులు తెరవడానికి డబ్బు పెట్టి పోకె గోల్డ్ కొనడం మొదలుపెట్టాను. నాలుగు నెలల్లో క్రెడిట్ కార్డు మీద 27 వేలు అయ్యాయి. అందులో 11 వేలు ఇంకా బాకీ. నెలనెలా మినిమమ్ డ్యూ మాత్రమే కడుతున్నాను. మొదటి సెట్టు జెనెటిక్ ఏపెక్స్‌లో 286 కార్డులకు 261 వచ్చాయి. అన్నిటికంటే అరుదైన బంగారు మ్యూటూ కార్డు మాత్రం ఎంతకీ రావడం లేదు. ప్యాక్ పాయింట్లు 1,340 ఉన్నాయి. రాత్రంతా ల్యాప్‌టాప్‌లో బాట్, అంటే మనిషి బదులు తనంతట తానే ఆడే ప్రోగ్రాము నడిపితే అన్నీ అరుదైన కార్డులే ఉండే గాడ్ ప్యాకులు దొరుకుతాయని, పైసా ఖర్చుండదని నా రూమ్మేట్ అంటున్నాడు. నాకున్నది ఆఫీసు ల్యాప్‌టాప్ ఒక్కటే. ఇంకొకతను అన్ని కార్డులూ ఉన్న అకౌంట్ ఆరు వేలకు ఇస్తానంటున్నాడు. బాట్ పెట్టడం తప్పా? అకౌంట్ కొనుక్కోవడం మేలా? అసలు ఆటే మానేయాలా? నాన్నకు తెలిస్తే పేకాటలో పడ్డాననుకుంటారు. పేరు వెయ్యకండి.

సమాధానం: తమ్ముడూ, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఏమీ పెట్టకు.

మీ రూమ్మేట్ చెప్పిన బాట్ ఎలా పనిచేస్తుందో చెబుతాను, ఎందుకు వద్దంటున్నానో నీకే తెలుస్తుంది. ల్యాప్‌టాప్‌లోనే ఫోన్ యాప్‌లు నడిపే ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ వేసి, మెషిన్ మోయగలిగినన్ని విండోలు తెరుస్తారు. ఒక స్క్రిప్ట్ ప్రతి విండోలోనూ కొత్త అకౌంట్ చేసి, ట్యుటోరియల్ దాటించి, కొత్తవాళ్ళకిచ్చే ప్యాకులు తెరుస్తుంది. తెర మీద కార్డుల అంచులు చూసి ఏ రకం వచ్చాయో పోల్చుకుంటుంది. ఐదుకి ఐదూ అరుదైన నక్షత్రం గుర్తు కార్డులో, ఇంకా అరుదైన కిరీటం గుర్తు కార్డులో అయితే అది గాడ్ ప్యాక్. కాకపోతే ఆ అకౌంట్‌ను వదిలేసి మళ్ళీ మొదటినుంచి. దొరికిన రోజు డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లోని గ్రూపుకు మెసేజ్ వెళుతుంది. గ్రూపులోవాళ్ళు ఆ అకౌంట్‌తో ఫ్రెండ్స్‌గా ఉంటారు కాబట్టి ఆ ప్యాక్ వాళ్ళ వండర్ పిక్‌లో, అంటే వేరేవాళ్ళు తెరిచిన ప్యాకులు కనబడే చోట, వచ్చే అవకాశం ఉంటుంది. కనబడ్డాక బోర్లా పడి ఉన్న ఐదు కార్డుల్లోంచి ఒకటి తీసుకోవాలి.

ఇక్కడ ఒకటి గమనించు. గాడ్ ప్యాక్ పడే అవకాశం 0.05 శాతం అని ఆటలోనే రాసి ఉంటుంది, అంటే సగటున రెండు వేల ప్యాకులకు ఒకటి. అది పడినా అందులో బంగారు మ్యూటూ ఉంటుందన్న హామీ లేదు. ఉన్నా, ఐదింట్లో సరిగ్గా దాని మీదే నీ వేలు పడాలి. రాత్రంతా ఫ్యాన్ రొద పెడుతూ నడిచే మెషిన్ తెచ్చిపెట్టేది కార్డును కాదు, కార్డు వైపు ఇంకొక లాటరీ టికెట్‌ను. మీ రూమ్మేట్ ఈ ముక్క నీకు చెప్పలేదనుకుంటాను.

ఇప్పుడు ఆ ల్యాప్‌టాప్ సంగతి. ఎవరు రాశారో తెలియని స్క్రిప్ట్‌ను గ్రూపులోంచి దించుకుని నడపాలి. యాంటీవైరస్ అడ్డం పడితే కాసేపు ఆపెయ్యమంటారు. నీ ఆఫీసు మెయిల్, వీపీఎన్, క్లయింట్ ఫైళ్ళు అన్నీ ఉన్నది అందులోనే. కంపెనీ మెషిన్లలో ఏ ప్రోగ్రాము ఎప్పుడు నడిచిందో చూసే సాఫ్ట్‌వేర్ సాధారణంగా ఉంటుంది. పొద్దున్నే హెచ్చార్ నుంచి పిలుపొస్తే "పోకెమాన్ కార్డు కోసం సార్" అని ఎలా చెబుతావు? నెల జీతం మీద ఇంటికి డబ్బు పంపేవాడివి, ఈ ఒక్క కారణం చాలు. ఇక దీన్ని ఆలోచించనక్కర్లేదు.

సరే, సొంత ల్యాప్‌టాప్ ఉంటే అప్పుడు తప్పు కాదా అంటావేమో. ఈ ఆట నిబంధనలు అలాంటి ప్రోగ్రాములను ఒప్పుకోవు. పట్టుబడితే ఏడాదిగా కూడబెట్టిన అకౌంట్ మీదే వేటు పడొచ్చు. న్యాయం సంగతి వేరుగా చూడాలి. బాట్లన్నిటినీ ఒకే గాటన కట్టడం నాకిష్టం లేదు, ఎందుకంటే ఒక్కో ఆటలో బాట్ చేసే పని ఒక్కోలా ఉంటుంది.

మ్యాజిక్: ది గ్యాదరింగ్ ఆన్‌లైన్ అనే కార్డుల ఆట 2002 నుంచీ ఉంది. అందులో కార్డులు నిజంగానే చేతులు మారతాయి. కంపెనీ ఒక్కోటి డాలరుకు అమ్మే ఈవెంట్ టికెట్లే అక్కడ చిల్లర డబ్బులా చెల్లుతాయి. కార్డులు కొనే బాట్లు, అమ్మే బాట్లు అర్ధరాత్రి కూడా దుకాణం తెరిచి కూర్చుంటాయి. వాటి వెనక పేరున్న దుకాణదారులుంటారు. డెక్‌ను, అంటే ఆడటానికి కావలసిన మొత్తం కార్డుల కట్టను, అద్దెకిచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. అక్కడి ఆటగాళ్ళకు ఈ బాట్లు లేకపోతే పని జరగదు, ఎవరూ వాటిని మోసమనరు. మనిషి బదులు కూర్చుని ఆడే బాట్ మాత్రం వేరే రకం.

ఆ రెండో రకం ఎంత తలనొప్పో బ్లిజార్డ్ కంపెనీ కార్డుల ఆట హార్త్‌స్టోన్‌లో చూశాం. మనిషి నిద్రపోతుంటే బాట్ మ్యాచ్ తర్వాత మ్యాచ్ ఆడి గోల్డ్ పోగుచేసేది. అవతల కూర్చున్నవాడు మాత్రం నిజమైన మనిషే. ఆఫీసు నుంచి వచ్చి, అన్నం తిని, ఉన్న ఒక అరగంటలో ఆడదామని కూర్చుంటే ఎదురుగా యంత్రం. ప్రతి ఎత్తుకూ ఒకే లయ, ఒకే ఆలస్యం, గెలిచినా ఓడినా పట్టింపు లేదు. 2014లో బ్లిజార్డ్ అలాంటి కొన్ని వేల అకౌంట్లను నిలిపేసింది. హార్త్‌బడ్డీ లాంటి బాట్లు అమ్మిన బాస్‌ల్యాండ్ అనే జర్మన్ కంపెనీ మీద కేసు వేస్తే, 2017లో అమెరికా కోర్టు దాదాపు 85 లక్షల డాలర్లు కట్టమంది. నేను బ్లిజార్డ్ పక్షమే. అవతలి మనిషి అరగంటను దొంగిలించే హక్కు ఎవరికీ లేదు.

మీ రూమ్మేట్ బాట్ అంత హాని చెయ్యదని ఒప్పుకుంటాను. అది ఎవరి ఎదుటా కూర్చుని ఆడదు, వేరేవాళ్ళ కార్డు పట్టుకుపోదు. అయినా నేను వద్దంటున్నది నీ గురించి ఆలోచించే. నువ్వు ఉత్తరంలో ఒక్క మ్యాచ్ గురించి కూడా రాయలేదు. ఏ డెక్‌తో ఆడతావో రాయలేదు. ఏం వచ్చాయి, ఏం రాలేదు అన్నదే రాశావు. నీకు ఇప్పుడు మిగిలిన సరదా ప్యాక్ చించే ఆ రెండు క్షణాలు. బాట్ మొట్టమొదట ఎత్తుకుపోయేది అదే. వేలాది ప్యాకులు అది తెరుస్తుంది, నీకు నోటిఫికేషన్ వస్తుంది. అలా వచ్చిన మ్యూటూను నువ్వు ఎన్ని రోజులు తెరిచి చూసుకుంటావో ఆలోచించు.

ఇప్పుడు నీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన ముక్కకు వస్తాను. 1,340 ప్యాక్ పాయింట్లున్నాయని రాశావు. అవి ఎందుకు పనికొస్తాయో లెక్క వేసుకున్నావా? ఆ సెట్టులో ప్యాక్ తెరిచినప్పుడల్లా 5 పాయింట్లు వస్తాయి. కిరీటం గుర్తున్న కార్డు, అంటే నీ బంగారు మ్యూటూ, 2,500 పాయింట్లిస్తే నేరుగా ఇస్తారు. నీకు ఇంకా కావలసింది 1,160. అంటే 232 ప్యాకులు. రోజుకు రెండు ఫ్రీ ప్యాకుల చొప్పున 116 రోజులు. నాలుగు నెలలు కూడా లేదు. మిషన్లలో, ఈవెంట్లలో వచ్చే అవర్‌గ్లాసులు, అంటే తర్వాతి ప్యాక్ కోసం ఆగాల్సిన సమయాన్ని తగ్గించేవి, వాడితే ఇంకా ముందే. బాట్ అక్కర్లేదు, రూపాయి అక్కర్లేదు, అదృష్టం కూడా అక్కర్లేదు.

అదే 232 ప్యాకులు ఇప్పుడే కావాలని గోల్డ్‌తో తెరిస్తే ఒక్కోదానికి 6 చొప్పున 1,392 గోల్డ్ కావాలి. వంద డాలర్లకు వచ్చే పెద్ద కట్టలో 690 గోల్డ్ ఉంటాయి. అలాంటివి రెండు కొన్నా ఇంకా పన్నెండు తక్కువ. రెండు వందల డాలర్లు పెట్టి నువ్వు కొనేది కార్డును కాదు, ఈ నాలుగు నెలల ఓపికను.

ఆ ప్యాకులన్నీ మ్యూటూ బొమ్మ ఉన్నవే తెరువు. కిరీటం కార్డు పడే అవకాశం నాలుగో కార్డుకు 0.04 శాతం, ఐదో కార్డుకు 0.16 శాతం. రెండూ కలిపి ఐదు వందల ప్యాకులకు ఒకటి. 232 ప్యాకుల్లో అది మామూలుగానే పడే అవకాశం మూడింట ఒక వంతుకు పైనే. పడితే పాయింట్లు మిగులుతాయి, ఇంకో మంచి కార్డుకు వాడుకోవచ్చు. పడకపోతే కొనుక్కుంటావు. ఎలా చూసినా మ్యూటూ నీదే.

ఒక్కటే ఇబ్బంది. ఈ పాయింట్లు ఆ సెట్టుకే చెల్లుతాయి, వేరే సెట్టుకు మారవు. కాబట్టి ఆ నాలుగు నెలలూ కొత్తగా వచ్చే సెట్ల ప్యాకులు తెరవకూడదు. నీకు అసలు కష్టం ఇక్కడే ఉందని నా అనుమానం. 2024 అక్టోబరు 30న ఆట మొదలైంది, 2025లో దాదాపు నెలకొక కొత్త సెట్టు దింపారు. పాతది పూర్తికాకుండానే కొత్తది తలుపు తడుతుంది, పాయింట్లు మళ్ళీ సున్నా నుంచి మొదలు. నీ 27 వేలు ఒక్క కార్డు మీద పోలేదు, నాలుగైదు సెట్ల మీదికి చెల్లాచెదురై ఉంటాయి.

286 పూర్తి చెయ్యాలన్న కోరిక గురించి కూడా నిక్కచ్చిగా మాట్లాడుకోవాలి. పది రకాల బొమ్మలు సమానంగా వేసిన చిప్స్ ప్యాకెట్లు కొంటున్నావనుకో. మొదటి ఐదు రకాలకు ఆరేడు ప్యాకెట్లు చాలు. పదీ చేతికి రావాలంటే సగటున 29 కావాలి, అందులో ఆఖరి బొమ్మ ఒక్కదానికే పది. అన్నీ సమానంగా వేస్తేనే ఇలా ఉంటే, ఆఖరివి కావాలనే అరుదుగా వేసినప్పుడు ఎలా ఉంటుందో నీ 25 కార్డులే చెబుతున్నాయి. వాటిలో ఒక పన్నెండు రెండు నక్షత్రాలవి అనుకుందాం. ఒక్కోటి 1,250 పాయింట్లు, మొత్తం 15,000, అంటే మూడు వేల ప్యాకులు. ఫ్రీ ప్యాకులతోనే అయితే నాలుగేళ్ళు దాటుతుంది. మధ్యలో కొన్ని వాటంతటవే పడతాయి, నిజమే. అయినా ఇది డబ్బుతో ముగించే పని కాదు.

జపాన్ వాళ్ళకు ఈ సంగతి ముందే అర్థమైంది. మొబైల్ ఆటల్లో ఫలానా బొమ్మలన్నీ కూడితేనే పెద్ద బహుమతి ఇచ్చే పద్ధతి అక్కడ చట్టవిరుద్ధమని 2012లో వినియోగదారుల వ్యవహారాల శాఖ తేల్చింది. పిల్లలు ఆఖరి బొమ్మ కోసం వేలకు వేలు పెట్టేవాళ్ళు. అప్పుడు ఆ పద్ధతిని ఆపేసిన కంపెనీల్లో డీఎన్‌ఏ ఒకటి. నువ్వు ఆడుతున్న పాకెట్‌ను తయారుచేసిన వాళ్ళలో అదే డీఎన్‌ఏ ఉంది. పాకెట్‌లో ఉన్నది ఆ నిషేధించిన పద్ధతి అనడం లేదు. అయితే ఆఖరి ఖాళీ గడి మనిషిని ఎంత లాగుతుందో ఈ ఆటలు చేసేవాళ్ళకు బాగా తెలుసు. నీ మీద నువ్వు చిరాకు పడే ముందు ఈ మాట గుర్తుంచుకో.

నువ్వు ఆల్బమ్‌ను కాసేపు పక్కన పెట్టి ఆడి చూడాలని నాకుంది. పాకెట్ డెక్ అంటే ఇరవై కార్డులే. రెండు నక్షత్రాల బొమ్మ కార్డు కొట్టే దెబ్బా, అదే పేరున్న నాలుగు డైమండ్ల మామూలు కార్డు కొట్టే దెబ్బా ఒకటే, తేడా బొమ్మలోనే. డైమండ్ కార్డులు 226కి 226 నీ దగ్గర ఉండే ఉంటాయి కాబట్టి ఆ సెట్టులో ఏ డెక్ కట్టాలన్నా నీకు లోటు లేదు. మిషన్ల కోసం ఒక్కడివే ఆడి ఆడి విసుగొస్తే, సోలో మ్యాచుల్లో ఆటో బటన్ ఆటవాళ్ళే పెట్టారు, నీ డెక్‌ను అదే నడుపుతుంది. యంత్రం సాయం అంతవరకు వాడుకో, ఎవరికీ అభ్యంతరం లేదు. మిగతా కార్డులకు ఫ్రెండ్స్‌తో మార్పిడి ఉంది, 2025 జనవరి నుంచి వచ్చింది. ఒకే స్థాయి కార్డుకు ఒకే స్థాయి కార్డు ఇచ్చిపుచ్చుకోవచ్చు. నీ దగ్గర రెండేసి పడి ఉన్నవి తీసి చూడు.

ఆరు వేల అకౌంట్ మాత్రం వద్దే వద్దు. డబ్బు చేతిలో పడ్డాక, మొదట ఆ అకౌంట్ చేసినవాడు తన మెయిల్‌తో తిరిగి లాక్కుంటే నువ్వు ఎవరికి చెప్పుకుంటావు? కొనుగోలే నిబంధనలకు విరుద్ధం. పైగా అది వేరొకరు పోగుచేసుకున్న ఆల్బమ్.

అసలు ఇవి ఎప్పటికీ ఉంటాయా అన్నది కూడా చూడాలి. పాకెట్‌కు ముందు పోకెమాన్ టీసీజీ ఆన్‌లైన్ ఉండేది. అందులో జనం ఏళ్ళ తరబడి కార్డులు మార్చుకున్నారు, ప్యాకులే కరెన్సీగా బేరాలాడారు. 2023 జూన్ 5న దాన్ని మూసేసి కొత్త ఆటకు మార్చారు. కార్డులు అటు వెళ్ళాయి గానీ, నాలుగు కాపీలకు మించినవి క్రెడిట్లుగా మారిపోయాయి, మార్పిడి అన్నదే లేకుండా పోయింది. కంపెనీ తీరు మారితే నీ ఆల్బమ్ తీరూ మారుతుంది. ఫోన్‌లో ఉన్నది నీ బీరువాలో ఉన్నట్టు కాదు.

ఇక బాకీ. బాట్ కంటే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది నీ మినిమమ్ డ్యూ. చాలా క్రెడిట్ కార్డుల మీద వడ్డీ నెలకు మూడు శాతం దాటుతుంది. 11 వేల మీద నెలకు మూడు, నాలుగు వందలు వడ్డీకే పోతాయి, అసలు కదలదు. పైగా బాకీ ఉన్నంతకాలం ఆ కార్డు మీద కొన్న ప్రతి కొత్త వస్తువుకూ మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. వచ్చే రెండు మూడు జీతాల్లో దీన్ని తీర్చెయ్యి. హాస్టల్ ఫీజు, ఇంటికి పంపేది పోగా ఏం మిగిలితే అది దీనికే. ఈ రాత్రే ప్లే స్టోర్‌లోంచి ఆ కార్డు వివరాలు తీసెయ్యి. ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా సెట్టింగ్ మార్చు. అక్కడే నెల బడ్జెట్ పెట్టుకునే చోటు కూడా ఉంటుంది, కానీ అది హెచ్చరిస్తుందే తప్ప ఆపదు, దాన్ని నమ్ముకోకు. బాకీ తీరాక ఆట మీద ఏమైనా పెట్టాలనిపిస్తే ప్రీమియం పాస్ ఒక్కటే చూడు. నెలకు పది డాలర్ల లోపు, రోజుకు మూడో ప్యాక్ వస్తుంది. ఒక్కో ప్యాక్ గోల్డ్‌తో తెరిచినదానిలో సగం కూడా పడదు. తెరవని నెలలో రద్దు చేసుకో, లేకపోతే దానంతటదే డబ్బు కోసుకుంటుంది.

నాన్నగారి సంగతి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది డబ్బు పెట్టి డబ్బు గెలుద్దామని ఆడే ఆన్‌లైన్ ఆటలను. పాకెట్‌లో గెలిస్తే డబ్బు రాదు, కార్డును ఆటలో అమ్ముకునే వీలూ లేదు. కాబట్టి రమ్మీ యాప్‌లతో దీన్ని కలపనక్కర్లేదు, ఆ మాట ఆయనకు ధైర్యంగా చెప్పొచ్చు. కానీ ఆయన అడగబోయేది చట్టం గురించి కాదు, 27 వేల గురించి. పిఠాపురం పక్కన పల్లెలో 27 వేలంటే ఏమిటో నీకు నేను చెప్పాలా? బాకీ తీరేదాకా దాచి, తర్వాత చెప్పినా నేను తప్పుపట్టను. చెప్పడం మాత్రం నువ్వే చెప్పు, బ్యాంకు ఫోన్ ద్వారా ఆయనకు తెలియకూడదు.

మానేయాలా అన్నావు. 261 కార్డులు ఇష్టంగా కూర్చుకున్న మనిషిని మానేయమనడానికి నాకు నోరు రావడం లేదు. ముందు ఈ 116 రోజులు చూద్దాం. రెండు ఫ్రీ ప్యాకులు తెరిచి, ఒకటి రెండు మ్యాచులు ఆడి, ఫోన్ పక్కన పెట్టగలిగితే ఆడుకో, నిశ్చింతగా ఆడుకో. అర్ధరాత్రి క్రెడిట్ కార్డు నంబరు మళ్ళీ ఎక్కించి గోల్డ్ కొన్నావంటే, లేదా కొనలేకపోయానని నిద్ర పట్టక కొట్టుకుంటున్నావంటే, అప్పుడు యాప్ తీసేసి 14416కు ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్, డబ్బులేమీ కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆటల మీద ఖర్చు ఆపుకోలేకపోతున్నానని ఉన్నదున్నట్టు చెప్పు.